గుంటలలో గింజలు, పలకపై అంకెలు

1823వ సంవత్సరము ఆగస్టు మాసమున బళ్ళారి జిల్లా కలెక్టరుగా నుండిన ఎ.డి. కాంబెల్ దొర, తన యేలుబడిలోని తెలుగు, కన్నడ వీధిబడులను గుఱించి చెన్నపట్టణపు రెవిన్యూ బోర్డు వారికి పంపిన నివేదికలో ఒక చిత్రమైన యాచారమును వర్ణించియున్నాడు. ఉదయము ఆఱు గంటలకు బడి తెఱచినంతనే అందఱికంటె ముందుగా గడప దాటిన పిల్లవాని యరచేత సరస్వతీదేవి పేరు వ్రాయుదురట. రెండవవానికి మెచ్చుకోలు గాని మందలింపు గాని లేదనుటకు గుర్తుగా సున్న చుట్టుదురట. మూడవవానికి మెల్లగా నొక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ పిమ్మట వచ్చువారికి వరుసగా ఒక్కొక్కటి యెక్కువ. దీనిని చదివినపుడెల్ల నాకు తోచునది యేమనగా, పదియవవాడుగా వచ్చుచున్న పిల్లవాడు తన వంతు ఎనిమిది దెబ్బలని గడప వెలుపలనే లెక్క కట్టుకొని యుండును. వరుస సంఖ్యలోనుండి రెండు తీసివేయవలెనను సూత్రమును వానికి ఏ పంతులును నేర్పియుండడు. తమ లాభనష్టములతో ముడిపడిన లెక్కను పిల్లలు ఒకరు చెప్పకయే నేర్తురనుటకు ఇది, నొప్పితో గూడినదే యైనను, మంచి సాక్ష్యము.

ఆ నివేదికలోనే కాంబెల్, ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దించుటను, చదువు ముందుపడిన పిల్లలచేత వెనుకబడిన పిల్లలకు చెప్పించుటను మెచ్చుకొనెను. అతనికి పూర్వమే, పదునెనిమిదవ శతాబ్ది చివరి దశకములో, చెన్నపట్టణపు అనాథ బాలుర శరణాలయమున పనిచేసిన ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు ఈ యిసుక వ్రాతను ఇచటి బడులలో చూచి తన బడిలో ప్రవేశపెట్టి, పిల్లలే పిల్లలకు నేర్పు పద్ధతిని దానితో జతపఱచి, 1797లో దానిపై నొక పుస్తకమును ప్రకటించి ఇంగ్లండునందు గొప్ప పేరు గాంచెను. కనుక చేతితో చేసి నేర్చుట, తోడివానివలన నేర్చుట అనునవి నిన్న మొన్న శిక్షణ తరగతులలో మనకు పరిచయమైన విదేశవస్తువులని తలచువారు, మన తాతముత్తాతల యిసుక పలకలను ఒకమాఱు జ్ఞప్తికి దెచ్చుకొనవలెను.

వీధిబడిలో లేనిది ఆట. అది బడి విడిచిన తరువాత అరుగుమీదను, రచ్చబండ చెంతను, చింతచెట్టు నీడను సాగెడిది. పిల్లవాడు బడిలో ఎక్కములు వల్లించుటయు, అరుగుమీద గవ్వలు వేయుటయు ఒకే బుద్ధితో చేయుచున్నను, ఆ రెంటికిని సంబంధము కలదని చాలమందికి తోచలేదు. తోచినవారిలో మన దేశమున అగ్రగణ్యుడు గిజుభాయి బధేకా. న్యాయవాద వృత్తిని వదలి, 1920లో గుజరాతునందలి భావనగరమున దక్షిణామూర్తి బాలమందిరమును నడపనారంభించిన ఈయన వ్రాసిన ‘దివాస్వప్న’మను గ్రంథము మన యుపాధ్యాయులలో పలువురు చదివినదే. నాలుగవ తరగతిని ఒక సంవత్సరముపాటు తన యిష్టము వచ్చినట్లు నడుపుటకు అనుమతి పొందిన లక్ష్మీరామ్ అను కల్పిత ఉపాధ్యాయుని కథ అది. అందులో నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము విజయమునకు సంబంధించినది కాదు; మొదటి దినముననే జరిగిన పరాభవము. మౌనక్రీడ యను నొక యాటను ముందుగనే యోచించుకొని వచ్చిన ఆ యువకుడు, పిల్లలను నిశ్శబ్దముగా కూర్చుండుడని కోరగనే వారు కేకలతోను నవ్వులతోను ఆ యాటను రూపుమాపిరి. ఆటయని పేరు పెట్టినంతమాత్రమున పిల్లలకది ఆట కాజాలదని, పంతులు మనస్సులోని క్రీడ వేఱు, పిల్లవాని మనస్సులోని క్రీడ వేఱని, గిజుభాయి తన కథానాయకుని బలిపెట్టి మనకు చూపినాడు.

మఱి పిల్లవాని మనస్సులోని ఆట యెట్లుండును? వామనగుంటలను తీసికొందము.

వరుసకు ఏడేసి గుంటలతో రెండు వరుసలు, వెరసి పదునాలుగు. కొయ్యపీట లేనిచో సుద్దముక్కతో నేలపై పదునాలుగు సున్నలు చుట్టినను చాలును. గుంటకు ఐదేసి చింతగింజలు వేసినచో డెబ్బది గింజలు. ఊరూరికి నియమములు కొంత మాఱుచుండును గాని, సామాన్యముగా తన వరుసలోని ఒక గుంటలో గింజలన్నిటిని చేతిలోనికి తీసికొని తరువాతి గుంటలలో ఒక్కొక్కటిగా పంచుచు పోవలెను. చేతిలోని కడపటి గింజ పడిన పిమ్మట ఆ పై గుంటలోని గింజలను తీసికొని మఱల పంచవలెను. ఆ పై గుంట వట్టిదైనచో దాని కవతలి గుంటలోనివి గెలుచుకొని, వంతు ఎదుటివారికి వదలవలెను. ఆట తెలిసిన మూడవ తరగతి పిల్లను గమనించి చూడుడు. ఆమె వెంటనే గింజలను తీయదు. చేయి ఒక గుంటపై ఆగును, పెదవులు కదలును, చేయి పక్క గుంటపైకి జరుగును. “దీంట్లోంచి తీస్తే నాకేం రాదు. ఆ పక్కదాంట్లోంచి తీస్తే నీ చివరి గుంట నాదే!” అని ఎదుటి పిల్ల ముఖము చూచి నవ్వును. చేయి గాలిలో నిలిచిన ఆ రెండు క్షణములే పాఠము. తక్కినదంతయు గింజలు పంచుట.

ఆమె మనస్సులో జరిగిన దానిని పలకపై పెట్టినచో నిట్లుండును. గుంటలకు ఒకటి మొదలు పదునాలుగు వఱకు సంఖ్యలు వేయుదము. మూడవ గుంటలో ఐదు గింజలున్నచో కడపటి గింజ ఎనిమిదవ గుంటలో పడును. మూడును ఐదును ఎనిమిది. పండ్రెండవ గుంటలో ఐదున్నచో? పదునేడవ గుంట లేదు కదా. పదునేడులోనుండి పదునాలుగు తీసివేయగా మూడు. గింజ మూడవ గుంటలో పడును. ఒక గుంటలో సరిగా పదునాలుగు కూడినచో, ఏ గుంటనుండి బయలుదేరినను కడపటి గింజ ఆ గుంటకే వచ్చి చేరును. పదునాఱు కూడినచో రెండు గుంటలు ముందుకు పోవును. గడియారముపై పది గంటలకు ఐదు గంటలు కలుపగా మూడు గంటలైనట్లే ఇదియు. గణితశాస్త్రమున శేషముల లెక్కయని కళాశాలలో నేర్పుదానికి మొదటి మెట్టును ఈ పిల్ల పాదము పెట్టి దాటినది.

అంతటితో తీఱదు. ఆట ముగిసినపుడు ఒకామె యొద్ద నలుబదియొక్క గింజలున్నచో రెండవయామె యొద్ద ఎన్ని యుండవలెను? ఇరువదితొమ్మిది. ఇరువదియెనిమిదే యున్నచో తీసివేతలో తప్పు లేదని నిశ్చయించుకొని చాప ఎత్తి వెదకుదురు; గింజ దొరకును. తన లెక్కను తానే సరిచూచుకొను ఈ యలవాటును ఎఱ్ఱసిరా గుర్తు ఎన్నటికిని నేర్పజాలదు. మఱల ఆట పన్నునపుడు ఎవరి వరుసను వారు ఐదేసి గింజలతో నింపుకొనవలెను. ఇరువదితొమ్మిది కలామె ఐదు గుంటలు నింపగా నాలుగు మిగులును. రెండు గుంటలు నిండక మూతపడును. ఇరువదితొమ్మిదిని ఐదుచే భాగింపగా భాగఫలము ఐదు, శేషము నాలుగు అని నల్లబల్లపై వ్రాసినపుడు ముఖముఖములు చూచుకొను పిల్లలకు, నాలుగు గింజలు చేతనుండియు గుంట నింపలేకపోయిన దుఃఖములో శేషమనగా నేమో తెలిసిపోవును.

ఇంతవఱకు చెప్పినది విని, ఐనచో గింజల డబ్బాలను పంచి పిల్లలను విడిచిపెట్టిన చాలునని తలచుట తొందరపాటు. ఆటలను గుఱించి వ్రాయువారు తఱచు ఇచటనే ఆగి చప్పట్లు కొట్టుదురు. శాస్త్రజ్ఞులు మాత్రము ఆగలేదు, వారు కనుగొన్నది మన యుత్సాహమును కొంత అదుపులో పెట్టునట్టిది.

అమెరికాలో గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అనువారు 2008లో ప్రకటించిన పరిశోధనలో, పేదకుటుంబముల పిల్లలకు బడి ఈడు రాకపూర్వము ఒకటినుండి పది వఱకు అంకెలు వరుసగా వ్రాసిన గళ్ళపట్టీపై, పావుగంటనుండి యిరువది నిమిషముల చొప్పున, రెండు వారములలో నాలుగు మాఱులు ఆడించిరి. మఱికొందఱు పిల్లలకు అదే పట్టీని అంకెలకు బదులు రంగులతో ఇచ్చిరి. అంకెల పట్టీపై ఆడినవారికి ఏ సంఖ్య పెద్దది, ఏది ఎంత దూరములో నున్నది అను జ్ఞానము హెచ్చి, తొమ్మిది వారముల తరువాతను నిలిచియుండెను. రంగుల పట్టీ వారికి అట్టి లాభము కలుగలేదు. ఆట ఒకటే, సంతోషము ఒకటే, ఫలితము మాత్రము వేఱు. 2014లో ఎలీడా లాస్కీ, సీగ్లర్ కలిసి చేసిన పరిశోధన ఇంకను సూక్ష్మమైనది. నూఱు గళ్ళ పట్టముపై పావు ఇరువదియైదవ గడిలో నుండగా రెండు పడినచో, కొందఱు పిల్లలచేత “ఇరువదియాఱు, ఇరువదియేడు” అని గడిలోని సంఖ్యను చదివించుచు నడిపించిరి. కొందఱిని మామూలుగా “ఒకటి, రెండు” అని లెక్కించుచు పోనిచ్చిరి. మొదటివారు నేర్చుకొనిరి, రెండవవారికి ఆ లాభము దక్కలేదు. మన యిండ్లలో వైకుంఠపాళి ఆడు పిల్లలందఱును ఎట్లు లెక్కింతురో తలచుకొనుడు. “ఒకటి, రెండు, మూడు, అమ్మో పాము!” తరతరములుగా పామునోట బడి నిచ్చెన లెక్కిన మనకు ఆ పటము సంఖ్యలను గుఱించి నేర్పదగినంత నేర్పకపోవుటకు కారణము అదియే కావచ్చును. నోటితో నను మాట ఒక్కటి మార్చిన చాలును, పటమును మార్చ నక్కఱలేదు.

ఢిల్లీలో ప్రథమ్ సంస్థవారి శిశుపాఠశాలలు రెండువందల పదునాలుగింటిలో వేయిన్నర మందికి పైగా పిల్లలతో జరిపి, 2017లో ‘సైన్స్’ పత్రికలో వెలువరించిన పరీక్ష ఇంకొక మెట్టు ముందుకు పోయెను. నాలుగు మాసములు పరిమాణములను, ఆకారములను పోల్చు ఆటలు ఆడిన పిల్లలకు చుక్కల గుంపులలో ఏది పెద్దదో చూచి చెప్పు నేర్పు హెచ్చి, సంవత్సరమునకు పైగా నిలిచెను. కాని ఒకటవ తరగతికి వెళ్ళిన పిదప బడిలెక్కలలో దానివలన మేలు కానరాలేదు. 2025లో ‘నేచర్’ పత్రికలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ ప్రభృతులు ప్రకటించిన పరిశోధన దీనికి జంటవంటిది. కలకత్తా, ఢిల్లీ సంతలలో కూరగాయలమ్ము పిల్లలు, తూకము ధర గుణించి చిల్లర లెక్కించి నోటితోనే చెప్పగలవారు, అంతకంటె తేలికైన లెక్కను కాగితముపై బడి రూపమున ఇచ్చినపుడు తడబడిరి. బడిలో చదువుచు సంతలో పనిచేయని పిల్లలకు కాగితపు లెక్క కొంత వచ్చినను అంగడి లెక్క రాలేదు.

ఈ నాలుగు పరిశోధనలును చేరి చెప్పునది, నా యవగాహనలో, ఒకే మాట: ఆట పిల్లవానిచేత ఏమి చేయించునో దానినే నేర్పును, అంతకు మించి నేర్పదు. గుంటలలోని లెక్క తనంత తాను పలకమీదికి నడచిపోదు. దానిని చేయి పట్టి నడిపింపవలసినవాడు ఉపాధ్యాయుడు. ఆట ముగిసి గింజలు డబ్బాలోనికి పోకమునుపే, “నీవు ఆ గుంటనే యేల తీసితివి? ఎట్లు తెలిసినది? దానిని పలకపై వ్రాసి చూపుము” అని అడుగు ఆ ఐదు నిమిషములు లేనిచో తక్కిన అఱగంట వినోదము, ఉన్నచో అది గణితము.

ఈ రహస్యమును ఎఱిగి పాఠశాలను కట్టినవారు మన తెలుగునేలపైననే కలరు. మదనపల్లెకు సమీపమున, జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన ఋషివాలీ విద్యాలయపు చుట్టుప్రక్కల పల్లెలలో, ఒక్క ఉపాధ్యాయుడు ఐదు తరగతులను మోయవలసిన చిన్న బడులకై, పద్మనాభరావు, రమ దంపతులు 1980 దశకము చివరినుండి రూపొందించిన పద్ధతి అది. పాఠ్యపుస్తకమును చిన్న చిన్న కార్డులుగా విడగొట్టిరి. ఒక్కొక్క కార్డునకు ఒక పనియు, ఒక బొమ్మ గుర్తును ఉండును. ఆ గుర్తులన్నియు వరుసగా గోడపై నిచ్చెన రూపమున వ్రేలాడును. పిల్లవాడు బడికి వచ్చి, నిచ్చెనపై తానెచ్చట నున్నాడో చూచుకొని, తన కార్డు తానే తీసికొని, ఆ పని చేయువారి గుంపులో కూర్చుండును. కొత్త సంగతిని పంతులు చెప్పుట ఒక మెట్టు. దానిని తోడివారితో సాధన చేయుట, తఱచుగా ఆట రూపమున, వేఱొక మెట్టు. పిదప తానొక్కడే పలకపై వ్రాసి చూపుట, అది వచ్చినదో రాలేదో పరీక్షించుట, రానిచో మఱొక త్రోవ. ఆటకు ఇందులో గౌరవమైన స్థానము కలదు. కాని అది నిచ్చెనలో ఒక మెట్టు మాత్రమే, నిచ్చెన కాదు.

దీని గొప్పదనము హాజరుపట్టీ నెఱిగినవారికి బాగుగా తెలియును. వేరుశనగ పీకు దినములలో పదిదినములు చేనికి పోయి తిరిగివచ్చిన పిల్లవాడు, మామూలు తరగతిలోనైనచో పది పాఠములు తప్పినవాడగును. అప్పటినుండి వెనుక బల్లయే వాని నివాసము. నిచ్చెన గల బడిలో వాడు ఎచ్చట ఆపెనో అచ్చటనే మొదలుపెట్టును. ఈ పద్ధతిని చూచి వెళ్ళిన కర్ణాటకోపాధ్యాయులు 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకాలో ‘నలి కలి’ యను పేర ఆరంభించిరి. 2003లో మదరాసు నగరపాలక సంస్థ పదుమూడు బడులలో పెట్టి చూడగా, 2007 నాటికి తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికిని విస్తరించెను. మనయింట పుట్టిన బిడ్డ పొరుగిండ్ల పెరిగినదని చెప్పుట నిష్ఠురమైనను చెప్పక తప్పదు.

మన ప్రభుత్వములు ఊరకుండినవని కాదు. 1980 దశకములో బ్రిటిష్ సహాయముతో నడచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యాపథకము నాడు శిక్షణ పొందిన ఉపాధ్యాయులకు, చేయుట వలన నేర్చుట, పరిసరములను వాడుకొనుట, పిల్లల పనిని గోడపై ప్రదర్శించుట మున్నగు ఆఱు సూత్రములు ఇప్పటికిని కంఠోపాఠము. తెలంగాణలో 2022లో ‘తొలిమెట్టు’ కార్యక్రమము వచ్చినది. ఆ యేడే వెలువడిన జాతీయ పాఠ్యప్రణాళిక మూడు మొదలు ఎనిమిదేండ్ల పిల్లలకు ఆటయే బోధనమార్గమని శాసించినది. 2023లో ‘జాదుయీ పిటారా’ యను ఆటవస్తువుల పెట్టెయు వెలువడినది. పెట్టెలు మంచివే. కాని బీరువాలో తాళము పడి, తనిఖీ నాడు మాత్రము బల్లపై పేర్చబడు బోధనోపకరణములను చూడని ఉపాధ్యాయుడెవడు? రంగు అట్టలతో, థర్మోకోలుతో రాత్రింబవళ్ళు కూర్చుండి చేసిన గడియారము బోధనోపకరణముల (టీఎల్ఎం) మేళాలో బహుమతి పొంది, పిల్లవాని వ్రేలు తగిలి ముల్లు విఱుగునేమోయను భయముతో గోడకెక్కును. కృత్యము పత్రములలో నింపవలసిన గడియైన దినమున ఆట చచ్చినది.

ఆటల నెన్నుకొనుటలో మఱొక పొరపాటు కలదు. ఓడినవాడు లేచి పక్కన కూర్చుండవలసిన యాటలు, కుర్చీలాట వంటివి, పాఠమునకు పనికిరావు. ఎవనికి సాధన ఎక్కువ కావలెనో వాడే మొదట బయటికి పోవును. త్వరగా మీట నొక్కినవానికి నక్షత్రములు కురిపించు ఫోను ఆటలును ఆ కోవలోనివే. వానిలో ఆలోచించువాడు ఓడును.

భాషాపాఠమునకు వచ్చినచో, అచ్చట కావలసిన సామగ్రి మఱింత స్వల్పము. పాత కాలెండరు అట్టలను ముక్కలు కోసి, క, ల, మ, ర, ప, డ, వ అను అక్షరములను రెండేసి మూడేసి వ్రాసి నలుగురు పిల్లలకు పంచినచో, కల, మర, మరక, పడవ అని పేర్చుచు పోదురు. ‘కలవరం’ అని పేర్చబోగా సున్న కావలసివచ్చి, లేక, “సార్, సున్నా ఏదీ?” అని తగవు పెట్టుకొనునపుడు, అదిగో, గుణింతమును మించిన పాఠము. పేర్చిన మాటతో ఒక వాక్యము వ్రాసిననే గాని గెలుపు లెక్కకు రాదని నియమము పెట్టుట మఱవరాదు.

తల్లిదండ్రుల శంక న్యాయమైనది. “బడికాడా ఆటే, ఇంటికాడా ఆటే. ఇంక చదువెప్పుడు చెప్తారు మాస్టారూ?” అని అడుగు తల్లికి విద్యామనస్తత్త్వశాస్త్రము వినిపింపరాదు. బిడ్డ పలకను ఆమె చేతికీయవలెను. పలకపై ఏమియు లేనిచో ఆమె ప్రశ్నకు మన యొద్ద సమాధానము లేదనియే అర్థము.

పెద్దపిల్లలకు ఏమి ఆటయని అడుగు ఐదవ తరగతి ఉపాధ్యాయులకు నేను అష్టాచెమ్మాను సూచింతును. ఐదు గళ్ళు అడ్డము, ఐదు నిలువు. నడుమ ఇల్లు ఒకటి, దానిచుట్టు ఎనిమిది, వెలుపలి చుట్టు పదునాఱు, వెరసి ఇరువదియైదు. నాలుగు గవ్వలు. నాలుగును ఒకవైపు తిరిగి పడినచో అష్టా, ఎనిమిది. నాలుగును రెండవవైపు తిరిగినచో చెమ్మా, నాలుగు. అష్టా అంత అరుదుగా పడుటకు కారణమేమని పిల్లల నడుగుడు. ఒక్కొక్క గవ్వ రెండు విధములుగా పడవచ్చును. నాలుగింటికి రెండును రెండును రెండును రెండును గుణింపగా పదునాఱు విధములు. అందు అష్టాకు ఒకటి, చెమ్మాకు ఒకటి, ఒకటికి నాలుగు, మూడునకు నాలుగు, రెంటికి ఆఱు. నూటయఱువది మాఱులు వేసినచో లెక్క ప్రకారము అష్టా పది మాఱులు పడవలెను. పిల్లలను జట్లుగా చేసి, ఒకరు గవ్వలు వేయగా ఒకరు నల్లబల్లపై గీతలు గీయుచు నూటయఱువదియు నిజముగా వేయింపుడు. సరిగా పది తఱచుగా రాదు. గవ్వ రూపాయి బిళ్ళ కాదు. ఒకవైపు మూపు, ఒకవైపు నోరు. ఏ వైపు ఎక్కువగా పడునో గవ్వ గవ్వకును మాఱును. ఒక జట్టు పట్టికలో అష్టా అధికమై, వేఱొక జట్టులో తక్కువయైనపుడు, రేపటి ఆటకు ఎవరి గవ్వలు వాడవలెనను తగవు తప్పక బయలుదేరును. ఆ తగవును పట్టిక చూచి తీర్చుకొండని చెప్పి, పంతులు తన కుర్చీలో కూర్చుండవచ్చును.